బ్యాటరీ పెద్దదైతే వెలుగు దూరం పోతుందా?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది పలమనేరు దగ్గర పల్లె. నేను బెంగళూరులో కె.ఆర్.పురంలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. మా నాయనకు 64 ఏళ్లు. చెప్పినా వినడు, రాత్రిపూట మోటారు దగ్గరికీ, చెనిక్కాయ చేను కాపలాకీ పోతుంటాడు. ఇంటి నుంచి మోటారు షెడ్డు దాదాపు 350 మీటర్లు. షెడ్డు నుంచి చేను చివర ఇంకో 200 మీటర్లు. ఆపైన అంతా చెట్లూ గుట్టా. అడవి పందుల బెడద ఎక్కువ, ఒక్కోసారి ఏనుగులు కూడా దిగుతాయి. నా దగ్గరున్న, 18650 సైజు సెల్ వేసే చిన్న టార్చి ఇచ్చాను కానీ వెలుగు దూరం పోవడం లేదు, గంటన్నరకే డల్ అయిపోతోంది. పెద్ద బ్యాటరీతో లాంగ్ రేంజ్ టార్చి కొనాలనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో ఒకటి 799 రూపాయలకే లక్ష లూమెన్లు, 2 కిలోమీటర్లు, 9900 ఎంఏహెచ్ అంటోంది. ఇంకొకటి వేలకు వేలు ధర పెట్టి 1500 లూమెన్లే అంటోంది. బ్యాటరీ సైజు 21700 మంచిదా, 26650 మంచిదా? జూమ్ ఉండాలా? నా బడ్జెట్ ఆరు వేలు. తప్పుడు వస్తువు కొని నాయన చేతిలో పెడతానేమోనని టెన్షన్‌గా ఉంది.
కె.ఆర్.పురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చినవి ఆ రెండు అంకెలు, 350 మీటర్లు, 200 మీటర్లు. టార్చి గురించి అడిగేవాళ్లు ఎక్కువమంది ‘మంచి పవర్‌ఫుల్‌ది చెప్పండి’ అంటారే గానీ, ఎంత దూరంలో ఏం కనబడాలో చెప్పరు. మీరు చెప్పారు కాబట్టి లెక్క కట్టి జవాబు ఇవ్వడం వీలైంది.

ముందు ఒక ముడి విప్పుకుందాం. పెద్ద బ్యాటరీ, లాంగ్ రేంజ్ అని రెండిటినీ ఒకే గుక్కలో అడిగారు. ఆ రెండూ వేరు వేరు. పెద్ద బ్యాటరీ వల్ల వచ్చేది టైము. దూరం వచ్చేది టార్చి తలకాయ నుంచి. చెట్లకు పైపుతో నీళ్లు పట్టేటప్పుడు మీరు చూసే ఉంటారు. తొట్టి పెద్దదైతే నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, అంతే. అవే నీళ్లు దూరంగా చిమ్మాలంటే పైపు మూతిని బొటనవేలితో అదిమి పట్టాలి. టార్చిలో ఆ బొటనవేలి పని చేసేది రిఫ్లెక్టర్, అంటే ఎల్‌ఈడీ చుట్టూ అద్దంలా మెరిసే గిన్నె. ఆ గిన్నె ఎంత వెడల్పుగా ఉంటే, దాని అడుగునున్న ఎల్‌ఈడీ ఎంత చిన్నగా, ఎంత తీక్షణంగా ఉంటే వెలుగు అంత దూరం పోతుంది. మీ 18650 టార్చి తల బహుశా పది రూపాయల బిళ్లంత ఉంటుంది. దాంట్లో ఎంత పెద్ద బ్యాటరీ పెట్టగలిగినా అది మోటారు షెడ్డు దాకా చూపించలేదు.

అందుకే పెట్టె మీద లూమెన్ల అంకె చూసి కొనకండి. లూమెన్లంటే టార్చిలోంచి అన్ని వైపులకూ కలిపి బయటికొచ్చే మొత్తం వెలుగు. మీకు కావాల్సిన అంకె పేరు కాండెలా, అంటే ఆ వెలుగు ఒకే దిక్కున ఎంత చిక్కగా పోతోందన్నది. దీనికి ఎఫ్‌ఎల్1 అని ఒక ప్రమాణం ఉంది. మంచి కంపెనీలు దాని ప్రకారం కొలిచి పెట్టె మీద వేస్తాయి. ఆ ప్రమాణంలో ‘దూరం’ అంటే, టార్చి వెలుగు పల్చబడి పల్చబడి 0.25 లక్స్‌కు దిగే చోటు. లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత. 0.25 లక్స్ దాదాపు పున్నమి వెన్నెలంత వెలుగు. లెక్క కూడా తేలికే. కాండెలాకు వర్గమూలం తీసి రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 10,000 కాండెలా అయితే వర్గమూలం 100, దూరం 200 మీటర్లు. 40,000 అయితే 400 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే కాండెలా నాలుగింతలు కావాలన్నమాట.

ఇది తెలిస్తే అబద్ధం చెప్పే పెట్టెను అక్కడికక్కడే పట్టుకోవచ్చు. ఫీనిక్స్ హెచ్‌టీ18 అనే టార్చి మీద 925 మీటర్లు, 2,13,900 కాండెలా అని ఉంటుంది. 925లో సగం 462.5, దాన్ని దానితోనే గుణించండి. సరిగ్గా ఆ అంకె దగ్గరికే వస్తుంది. కొలిచి రాసిన లెక్క అంటే అలా ఉంటుంది. దాన్నే కొనమని చెప్పడం లేదు, లెక్క ఎలా సరిచూసుకోవాలో చూపించడానికి చెప్పాను. దూరం రాసి కాండెలా రాయని వస్తువును పక్కన పెట్టేయండి.

ఇప్పుడు మీ చేను దగ్గరికి వద్దాం. 0.25 లక్స్‌లో ఏదో కదిలిందని తెలుస్తుంది, అది పందో పొదో తెలియదు. అందులోనూ 64 ఏళ్ల కళ్లకు. కాబట్టి పెట్టె మీద రాసిన దూరంలో సగాన్నే నిజంగా పనికొచ్చే దూరంగా పెట్టుకోండి. ఇంటి ముందు నిలబడి 350 మీటర్ల అవతలి షెడ్డు తలుపు తీసి ఉందో మూసి ఉందో కనబడాలంటే, పెట్టె మీద 700 మీటర్లు ఉండాలి. అంటే దాదాపు 1,20,000 కాండెలా. అంత ఉన్న టార్చి 350 మీటర్ల దగ్గర దాదాపు 1 లక్స్ ఇస్తుంది, పున్నమి వెలుగుకు నాలుగింతలు. షెడ్డు దగ్గర నుంచి 200 మీటర్ల అవతలి చేను చివరన 3 లక్స్ ఇస్తుంది. అంత వెలుగులో పంది వీపు, ఆవు వీపు వేరు పట్టొచ్చు. మీ చిన్న టార్చి 10,000 కాండెలాది అనుకుంటే, అది షెడ్డు తలుపు మీద వేసే వెలుగు 0.08 లక్స్. మీ నాయనకు ఏమీ కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఆ 799 రూపాయల టార్చి సంగతి. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పల్లెల్లో ముసలివాళ్ల చేతుల్లోకి ఎక్కువగా వెళ్తున్నవి ఇవే.

మంచి ఎల్‌ఈడీ ఒక వాటుకు 100 నుంచి 150 లూమెన్లు ఇస్తుంది. లక్ష లూమెన్లు రావాలంటే వాటుకు 100 చొప్పున 1000 వాట్లు కావాలి. ఇంట్లో ఇస్త్రీ పెట్టె తినే కరెంటు అది. ఎంఏహెచ్ అంటే సెల్ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే అంకె. 5000 ఎంఏహెచ్ సెల్లో ఉండేది 18 వాట్ అవర్లు, అంటే 18 వాట్లు గంటసేపు ఇచ్చే శక్తి. 1000 వాట్ల చొప్పున లాగితే ఒక్క నిమిషంలో ఖాళీ. అంత వేడి చేతిలో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఆ అంకె పూర్తిగా అబద్ధం.

9900 ఎంఏహెచ్ కూడా అంతే. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవున్న గుండ్రటి సెల్. చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు. ఆ కొలతలో మంచి కంపెనీలు చేసే సెల్ ఎక్కువగా 3500, 3600 ఎంఏహెచ్ దగ్గర, మహా అయితే 4000 దగ్గర ఆగుతుంది. రెండేళ్ల కింద ఒక స్నేహితుడు తన టార్చి వెలగడం లేదని తెచ్చిచ్చాడు. విప్పితే నీలం రంగు తొడుగు మీద పెద్దక్షరాల్లో 9900 అని ఉంది. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది, ఎండిన మొక్కజొన్న కంకిలా తేలిగ్గా ఉంది. వంటింటి కాటా మీద పెడితే 29 గ్రాములు. పక్కనే నా దగ్గరున్న మంచి 18650 పెట్టాను, 47 గ్రాములు. బరువంటే లోపలున్న సరుకు. సరుకు లేనిచోట 9900 ఎక్కడి నుంచి వస్తుంది? మీరు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకు వెళ్లి సెల్ కొన్నా, కొట్టువాడి కాటా మీద పెట్టించండి. 18650 అయితే దాదాపు 45 గ్రాములు ఉండాలి. 21700 అయితే 68, 70 గ్రాముల దాకా ఉండాలి. ఇది అడగడానికి మొహమాటపడకండి.

ఇంకో మాట. మన దేశంలో అమ్మే లిథియం సెల్లకూ బ్యాటరీలకూ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రమాణం పేరు ఐఎస్ 16046. దానితో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే ఒక నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకుని ఆ నంబరు కొడితే అది ఎవరిదో చూపిస్తుంది. రెండు నిమిషాల పని.

21700 మంచిదా, 26650 మంచిదా అని అడిగారు. మీ విషయంలో నా ఓటు 21700కే. పేరు చూస్తే 26650 లావుగా ఉంది కాబట్టి ఎక్కువసేపు వస్తుందనిపిస్తుంది. కానీ రెండూ తిరిగేది 5000 ఎంఏహెచ్ చుట్టుపక్కలే. కారణం ఏమిటంటే, 21700 కొలతను టెస్లా మోడల్ 3 లాంటి ఎలక్ట్రిక్ కార్లు వాడుకున్నాయి, తర్వాత డ్రిల్లు మిషన్లు, ఎలక్ట్రిక్ సైకిళ్లు వాడుకున్నాయి. పెద్ద పెద్ద కంపెనీలు దాని మీదే కష్టపడ్డాయి. సామ్‌సంగ్ 50ఈ, ఎల్‌జీ ఎం50 లాంటివి ఆ కష్టం నుంచి వచ్చినవే. 26650 మీద అంత పని జరగలేదు. నాలుగేళ్ల తర్వాత సెల్ అరిగిపోయినప్పుడు, మార్చడానికి నాణ్యమైనది దొరకాలి కదా? అక్కడ 21700 గెలుస్తుంది.

చేతిలో పట్టు గురించి మాత్రం 26650కి ఒక మంచి మాట చెప్పాలి. మీ నాయన తరం వాళ్ల చేతులకు పెద్ద సెల్లు వేసే స్టీలు టార్చి అలవాటు. ఆ సెల్ ఒక్కోటి దాదాపు 34 మిల్లీమీటర్ల లావు. వాళ్ల పిడికిలి ఆ లావుకే మూసుకుంటుంది, సన్నటి టార్చి వేళ్ల మధ్య జారిపోతున్నట్టు ఉంటుంది. మీ నాయన అలా అంటే, 21700 టార్చి పిడికి సైకిల్ హ్యాండిల్‌కు చుట్టే రబ్బరు తొడుగో గుడ్డ టేపో చుట్టించండి. లావూ వస్తుంది, తడి చేతికి జారదు.

టైము లెక్క కూడా చూద్దాం. మీ పాత సెల్ 3000 ఎంఏహెచ్ అనుకుంటే దాంట్లో ఉండేది దాదాపు 11 వాట్ అవర్లు. 21700లో 18. అదే వెలుగుకు మీ గంటన్నర రెండున్నర గంటలు అవుతుంది, అంతకు మించి కాదు. ఏ టార్చీ టర్బో మీద, అంటే అన్నిటికన్నా పెద్ద వెలుగు మీద ఎక్కువసేపు నిలవదు. రెండు మూడు నిమిషాలకు ఒళ్లు వేడెక్కి, తనంతట తానే తగ్గించుకుంటుంది. అది రిపేరు కాదు, ఎల్‌ఈడీని కాపాడుకునే ఏర్పాటు. పెట్టె మీద రాసే టైము కూడా మొదటి వెలుగులో పదో వంతుకు దిగేదాకా లెక్కేసి రాసేది. కాబట్టి ‘టర్బోలో 3 గంటలు’ అని చూసి మూడు గంటలూ అదే వెలుగు వస్తుందనుకోకండి. నడకకు 100, 150 లూమెన్ల మోడ్ పెట్టుకుంటే ఒక్క సెల్ రాత్రంతా వస్తుంది. దూరం చూడాల్సినప్పుడు మాత్రం పది పదిహేను సెకన్లు పెద్ద వెలుగు వేసి, మళ్లీ తగ్గించాలి. ఇలా వాడితే ఆ పెద్ద బ్యాటరీ నిజంగా పెద్దది అనిపిస్తుంది.

ఇప్పుడు నా మనసులో బరువుగా ఉన్న మాట చెబుతాను. మా మేనమామది మదనపల్లె వైపు పల్లె. కొన్నేళ్ల కింద ఆయనకు నేనే ఒక టార్చి కొనిచ్చాను. సన్నటి వెలుగు, గునపం దిగినట్టు పోతుంది. చెరువు అవతలి చింతమాను కొమ్మలు లెక్కపెట్టొచ్చు. మామయ్య మురిసిపోయి ఊళ్లో అందరికీ చూపించాడు. నెల తిరగకుండానే ఒక రాత్రి గెనిమ మీద పోతూ, వెలుగు దూరాన ఉండగానే కాలి కింద మెత్తగా ఏదో తగిలి ఎగిరి పక్కకు దూకాడు. కట్లపాము. ఆయన అదృష్టం, మన అదృష్టం, అది కాటెయ్యకుండా గడ్డిలోకి పోయింది. ఫోన్‌లో ఆయన చెబుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. దూరం చూపించే లైటు ఇచ్చాను గానీ, కాళ్ల ముందు చూపించే లైటు ఇవ్వలేదు. కట్లపాము రాత్రిపూటే తిరిగే పాము. చెనిక్కాయ చేలల్లో ఎలుకలుంటాయి, ఎలుకల కోసం నాగుపాములూ రక్తపింజరలూ వస్తాయి. మీ నాయనకు పందికన్నా దగ్గరి ప్రమాదం అడుగు ముందుంది.

అందుకే మీరు చూడాల్సింది నడుమ బలమైన చుక్క, దాని చుట్టూ మెత్తగా పరుచుకునే వెలుగు, రెండూ ఉన్న టార్చి. నునుపైన రిఫ్లెక్టర్ ఉన్న టార్చిల్లో ఆ చుట్టూ వెలుగు తప్పకుండా ఉంటుంది. ఎల్‌ఈపీ అని ఇప్పుడు ఒక రకం వస్తోంది. లేజర్‌తో ఫాస్ఫర్‌ను వెలిగించి కిలోమీటరు పైన పంపిస్తుంది, కానీ చుట్టూ వెలుగు దాదాపు సున్నా. మీ నాయనకు అది వద్దు. జూమ్ టార్చి కూడా వద్దు. ముందుకూ వెనక్కూ జరిగే తల సందులోంచి దుమ్మూ నీళ్లూ లోపలికి పోతాయి, జూమ్ లాగినప్పుడు వెలుగులో చాలా భాగం లోపలే మిగిలిపోతుంది, కాళ్ల ముందు పూర్తిగా చీకటి అవుతుంది.

ఆరు వేలలో ఇంకో చిన్న ఖర్చుకు చోటు పెట్టండి, తలకు కట్టుకునే లైటు. స్టార్టర్ పెట్టె తెరిచి ఫ్యూజు చూసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. టార్చిని నోట్లోనో చంకలోనో పెట్టుకుని, తడి చేత్తో కరెంటు పెట్టెలో చేయి పెట్టే అలవాటు పల్లెల్లో మనందరికీ తెలిసిందే. తల లైటు వెలుగు తల ఎటు తిరిగితే అటు పోతుంది. నడకలో కూడా కాళ్ల ముందు దాన్నే వాడి, పెద్ద టార్చిని దూరానికి ఉంచుకోమనండి. ఇవి రెండూ కలిసి ఆరు వేలలోపు వస్తే, ఒకే పెద్ద టార్చికి ఆరు వేలు పెట్టడం కన్నా మేలు.

వెలుగు రంగు విషయంలో తెల్లగా నీలం కొట్టే 6500 కె (కె అంటే కెల్విన్, వెలుగు రంగుకు కొలత) కన్నా, కాస్త పసుపు కలిసిన 5000 కె తీసుకోండి. అంకెల్లో దూరం కొంచెం తగ్గొచ్చు, కానీ ఎండుటాకుల మధ్య గోధుమరంగు పాము, మట్టి మధ్య పంది వేరుగా కనబడతాయి. మీ వైపు చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది. అప్పుడు పెద్ద వెలుగు వేస్తే ముందు తెల్ల గోడ కట్టినట్టవుతుంది. టార్చిని కంటి దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకుని, వెలుగు తగ్గిస్తే దారి తెలుస్తుంది. మీ నాయనకు ఎదుటి బండి లైట్లు చూస్తే కళ్లు చెదురుతున్నాయా అని కూడా ఒకసారి అడగండి. కంటిలో శుక్లం మొదలైతే ఎంత మంచి టార్చి ఇచ్చినా వెలుగు చెదిరినట్టే ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు కళ్ల పరీక్ష చేయించండి.

స్విచ్ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆయనకు టార్చి నచ్చడం నచ్చకపోవడం దాని మీదే ఉంటుంది. మూడుసార్లు నొక్కితే ఇది, నాలుగుసార్లు నొక్కి పట్టుకుంటే అది అనేవి మనకు సరదా. చీకట్లో గుట్ట వైపు అలికిడి విని కంగారులో నొక్కే మనిషికి టార్చి ఒక్క నొక్కుకు వెలగాలి, ఇంకో నొక్కుకు ఆరాలి. టపటపా కొట్టుకునే స్ట్రోబ్ మామూలు వాడకంలో మధ్యలో రాకూడదు. కొన్నాక మీరే ఒక గంట కళ్లు మూసుకుని వాడి చూడండి, తెలిసిపోతుంది.

వానకు ఐపీఎక్స్7 లేదా ఐపీ68 ఉన్నది తీసుకోండి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీళ్లు పోకూడదు. కాలవలో పడినా తీసి తుడుచుకోవచ్చు.

ఛార్జింగ్ టార్చిలోనే టైప్ సీ ద్వారా ఉండాలి, సెల్ మాత్రం బయటికి తీసి మార్చుకునేలా ఉండాలి. లోపలే అతికించేసిన బ్యాటరీ అయితే, అది పోయిన రోజు టార్చి కూడా పోయినట్టే. కొన్ని టార్చిలు రెండు వైపులా టైప్ సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావు, పాత రకం పెద్ద యూఎస్‌బీ నుంచి టైప్ సీకి వచ్చే కేబులే కావాలి. ఊళ్లో నాయన ఫోన్ ఛార్జర్‌తో అది పని చేస్తుందో లేదో ఇక్కడే చూసి పంపండి. ఒక యాంపియర్ చొప్పున ఎక్కే టార్చి అయితే నిండడానికి ఆరు గంటల పైనే పడుతుంది, రెండు యాంపియర్లయితే మూడు గంటలు. కరెంటు వచ్చీ పోయే ఊళ్లో ఈ తేడా తెలుస్తుంది. ప్రొటెక్షన్ సర్క్యూట్ (షార్ట్ అయినా, ఛార్జి మితిమీరినా కరెంటు ఆపేసే ఏర్పాటు) ఉన్న ఇంకో సెల్ కొని, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇవ్వండి. జేబులో తాళంచెవులతో కలిపి వేసుకుంటే రెండు కొసలూ కలిసి మంట వస్తుంది, ఆ మాట నాయనకు నోటితో చెప్పాలి. ఛార్జింగ్ మంచం మీదా, దోమతెర కిందా వద్దు. పగటి వేడికి రేకుల షెడ్డులో వదలొద్దు, ఆ వేడిలో సెల్ తొందరగా ముసలిదవుతుంది. సోలార్ లైట్లలో వాడే 32650 సెల్లు చవగ్గా దొరుకుతాయి. లావుగా ఉన్నాయని టార్చిలో ఇమిడ్చే ప్రయత్నం చేయొద్దని ఊళ్లో ఎలక్ట్రీషియన్‌కు కూడా చెప్పండి. వాటిలో చాలావరకు 3.2 వోల్టుల ఐరన్ ఫాస్ఫేట్ రకం, 4.2 వోల్టుల దాకా ఎక్కించే ఛార్జింగ్ వాటికి పడదు.

ఏనుగుల గురించి. కౌండిన్య అభయారణ్యం మీకు పక్కనే, ఆ గుంపుల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ ఇచ్చినవి) తెచ్చింది మీ వైపు ఈ బాధ తగ్గించడానికే. లాంగ్ రేంజ్ టార్చి ఏనుగును తరమడానికి కాదు, ఏనుగు ఉన్న వైపు పోకుండా ఉండటానికి. షెడ్డు దగ్గరికి బయల్దేరే ముందు ఇంటి దగ్గరే నిలబడి చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా ఒకసారి వెలుగు తిప్పాలి. పెద్ద నీడ కదిలినట్టు అనిపిస్తే వెలుగు నేలకు దించి లోపలికి రావాలి, ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయాలి. దాని ముఖం మీద వెలుగు పెట్టి నిలబెట్టకూడదు, బెదిరినా కోపం వచ్చినా అది వెలుగు వచ్చిన వైపే రావచ్చు. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగే ఆలోచన ఊళ్లో ఎవరికైనా ఉంటే దయచేసి ఆపండి. అది నేరం, పైగా చీకట్లో ఆ తీగకు మన మనుషులే తగలొచ్చు.

టార్చి చేతికి వచ్చాక అది చెప్పినంత ఉందో లేదో మీరే కొలవచ్చు. ఎస్పీ రోడ్డులో చిన్న లక్స్ మీటరు దొరుకుతుంది, ఆఫీసులో ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకున్నా సరే. ఫోన్ యాప్‌లను దీనికి నమ్మకండి. రాత్రి మీ అపార్ట్‌మెంటు కారిడార్‌లో లైట్లు ఆర్పి, టేపు పెట్టి 10 మీటర్లు కొలవండి. టార్చిని ఒక స్టూలు మీద ఆనించి, ఫుల్ వెలుగు వేసి 30 సెకన్లు ఆగి, చుక్క నడిమధ్యన మీటరు పెట్టండి. వచ్చిన లక్స్‌ను 100తో గుణిస్తే కాండెలా. మీకు కావాల్సింది 1,20,000 కాబట్టి మీటరు మీద 1200 దాటాలి. 800 వస్తే వాపసు గడువు దాటకముందే పంపించేయండి. కారిడార్ చిన్నదైతే 5 మీటర్ల దగ్గర కొలిచి 25తో గుణించండి. అంతకన్నా దగ్గర వద్దు, దూరం కొట్టే టార్చి వెలుగు దగ్గరలో ఇంకా కుదురుకోదు.

ఊరికి తీసుకెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. కె.ఆర్.పురంలో బస్సెక్కి కోలారు, ములబాగిలు దాటి పలమనేరు చేరేసరికి బ్యాగులో టార్చి దానంతటదే వెలిగి, గుడ్డల మధ్య కాలే వేడికి రావడం నిజంగా జరుగుతుంది. వెనక మూతను పావు చుట్టు వదులు చేసి పెట్టండి, స్విచ్ నొక్కుకున్నా చాలా టార్చిల్లో కరెంటు పారదు. ఇంటికి చేరగానే మూత బిగించి, ఆ రాత్రే నాయనతో కలిసి షెడ్డు దాకా ఒకసారి నడవండి. పెద్ద టార్చి ఆయన చేతిలో ఉండాలి, తల లైటు ఆయన తలకే ఉండాలి, మీరు వెనక నడవండి. ఆయన వెలుగు ఎక్కడ వేస్తున్నాడో, కాలు ఎక్కడ పెడుతున్నాడో చూస్తే ఏది మార్చాలో మీకే తెలుస్తుంది. చూసి నాకు రాయండి.